క్లయింట్ డబ్బులు ఎగ్గొడుతున్నాడా? అనంతపురంలో కూచునే వసూలు చేసుకోవడం ఎలా

పని నడిచినన్ని రోజులూ "బ్రో బ్రో" అంటాడు, రాత్రి పదకొండుకి ఫోన్ చేసి ఆ కలర్ రొంత తగ్గించు ఈ ఫాంట్ రొంత పెంచు అంటాడు, ఫైనల్ ఫైళ్లు చేతికి పోయి ఇన్వాయిస్ వెళ్లినాక ఇంగ మనిషే దొరకడు. ఫోన్ ఎత్తితే "అకౌంట్స్ కి పెట్టాను బ్రో", ఎత్తకపోతే అదీ లేదు.

నేను క్లాక్ టవర్ కి దగ్గర్లో చిన్న రూము తీసుకుని డిజైన్లు, వీడియో ఎడిటింగు చేసుకుంటా పదేళ్లు దాటింది. క్లయింట్లు ఎక్కువ బెంగళూరు వాళ్లు. బెంగళూరు మనకి దగ్గరే అని చెప్పుకుంటాం గానీ 80 వేల కోసం అక్కడ లాయర్ని పెట్టుకుని ప్రతి వాయిదాకీ తెల్లారకముందే బస్సెక్కడం అంటే వచ్చే డబ్బుల్లో సగం తిరుగుడికే అయిపోతాయి, ఇది ఆ క్లయింట్ కి మనకంటే బాగా తెలుసు, "ఏం చేసుకుంటావో చేసుకోపో" అనే ధైర్యం అక్కడినుంచే వస్తుంది. అందుకే నేను ఏ దారి గురించి విన్నా మొదట అడిగేది ఒకటే, దీంట్లో తిరగాల్సింది ఎవరు, నేనా వాడా? మన ఊర్లో కూచుని వాడినే తిప్పించే దారులు చట్టంలో రెండు గట్టివి ఉన్నాయి, మిగతావి ఆ రెండూ కుదరనప్పుడు. ఆ వరసలోనే చెప్తా. నేను లాయర్ని కాదు, నా డబ్బులు ఇరుక్కున్నప్పుడు తిరిగి తెలుసుకున్నవే ఇవి, మొత్తం పెద్దదైతే కోర్టుకి పోయే ముందు మంచి లాయర్ కి ఒకసారి చూపించండి.

స్టెప్ 1: ముందు తారీఖు చూసుకోండి

చేసిన పనికి డబ్బులు రాకపోతే కోర్టులో దావా వెయ్యడానికి 3 ఏళ్లు టైం, 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం. డబ్బు ఎప్పటిలోపల ఇవ్వాలని మాట్లాడుకున్నారో ఆ తారీఖు నుంచి, అలాంటిదేం అనుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచి లెక్క. మీరు వారం వారం ఫోన్ చేసి అడుగుతున్నా ఈ గడువు ఒక్క రోజు కూడా పెరగదు, ఇది శానా మందికి తెలీదు. పెరిగేది ఎప్పుడంటే, గడువు లోపలే వాడు "అవును నీకు ఇంత ఇవ్వాలి" అని రాసి సంతకం పెట్టినప్పుడు, లేదా కొంత కట్టి అది ఏ బాకీ కింద కట్టాడో రాతలో ఉన్నప్పుడు. అప్పట్నుంచి మళ్లీ కొత్తగా 3 ఏళ్లు.

నాకు తగిలిన దెబ్బే చెప్తా. మన ఊర్లోనే ఒక కోచింగ్ సెంటర్ కి బ్రోచర్లు, ఫ్లెక్సీలు చేశాను, 22 వేలు. రోజూ కనపడే మనిషే కదా, అడ్మిషన్లు అయినాక ఇస్తాలేప్పా అంటే సరేలే అనుకున్నా, అడ్మిషన్లు మూడుసార్లు అయిపోయినాయి. కాగితం లేదు, మెయిల్ లేదు, అంతా నోటిమాటే. లాయర్ దగ్గరికి పోయేసరికి మూడేళ్లు దాటి నాలుగు నెలలు. ఆయన టీ తాగించి పంపించాడు, ఫీజు తీసుకోలేదు, అదొక్కటే లాభం.

స్టెప్ 2: కాగితాలన్నీ ఒక ఫోల్డర్లో వెయ్యండి

కొటేషన్, దానికి వాడు "ఓకే గో అహెడ్" అన్న మెయిల్, ఫైళ్లు పంపిన రోజు, ఇన్వాయిస్, అడ్వాన్స్ వచ్చిన బ్యాంక్ ఎంట్రీ. అగ్రిమెంట్ అని పెద్ద డాక్యుమెంట్ లేకపోయినా ఈ మెయిళ్లన్నీ కలిపితే కాంట్రాక్టే. వాట్సాప్ మాటలుంటే స్క్రీన్‌షాట్లతో ఆపొద్దు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్ చేసుకోండి, ఫోన్ మాత్రం మార్చొద్దు, ఫార్మాట్ అసలే కొట్టొద్దు. కోర్టులో ఇలాంటివి పెట్టాలంటే ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలి, ఇదివరకు 65బి అనేవాళ్లు, 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63 కింద అది రెండు భాగాలుగా వచ్చింది, ఒకటి మీరు ఇచ్చేది, ఇంకొకటి ఎక్స్‌పర్ట్ ఇచ్చేది. అది లాయర్ చూసుకుంటాడు, మీ పని అసలు ఫైల్ పోకుండా ఉంచుకోవడం.

ఇప్పుడు ఎవరూ చూడని చోటు ఒకటి చెప్తా. ఇన్‌కమ్‌ట్యాక్స్ సైట్లో లాగిన్ అయి మీ 26ఏఎస్ (మీ పేరు మీద ఎవరెవరు ఎంత ట్యాక్స్ కోసి కట్టారో చూపించే పేజీ) తెరవండి. కంపెనీ మీ బిల్లుని దాని పుస్తకాల్లో రాసుకున్నప్పుడే టీడీఎస్ (మీ డబ్బులోంచి ముందే పట్టుకునే ట్యాక్స్) కొయ్యాలి, మీకు డబ్బు ఇచ్చినాక కాదు. నా బెంగళూరు క్లయింట్, ప్రొడక్ట్ వీడియోలు 80 వేలకి మాట్లాడుకున్నాం, ఆగస్టులో ఫైళ్లు తీసుకున్నాడు, అక్టోబర్ నుంచి "వీడియోలు మా బాస్ కి నచ్చలేదు, క్వాలిటీ లేదు" అని కొత్త పాట ఎత్తుకున్నాడు. నవంబర్ ఆఖర్లో లోన్ పని మీద 26ఏఎస్ తీస్తే దాంట్లో వాళ్ల కంపెనీ పేరు, పక్కన 80,000, ఆ పక్కన 8,000 టీడీఎస్. అంటే నచ్చలేదన్న వీడియోలకి బిల్లు ఒప్పుకుని, ఖర్చు కింద రాసుకుని, 10 శాతం గవర్నమెంటుకి కూడా కట్టేశారు, నాకు మాత్రం ఒక్క రూపాయి లేదు! ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకున్నా. అదొక్కటే బాకీకి పూర్తి రుజువు అని కోర్టులు ఒప్పుకోవు గానీ, "పని బాలేదు" అనే నోటికి బాగా అడ్డం పడుతుంది.

క్లయింట్ ఎవరో కూడా సరిగ్గా కనుక్కోండి. మీతో మాట్లాడింది మార్కెటింగ్ పిల్లోడు, బాకీ ఉన్నది కంపెనీ. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైట్లో కంపెనీ పేరు కొడితే రిజిస్టర్డ్ అడ్రస్ దొరుకుతుంది, జీఎస్టీ సైట్లో నంబర్ కొడితే వ్యాపారం ఏ పేరు మీద ఉందో వస్తుంది. తప్పు పేరు మీద నోటీసు పంపితే మొదటికొస్తుంది కథ.

స్టెప్ 3: ఫోన్లు ఆపి మెయిల్ పెట్టండి

బతిమాలొద్దు, తిట్టొద్దు. ఇంగ్లీషులోనే రాయండి గానీ మ్యాటర్ ఇంతే ఉండాలి: "ఫైళ్లు ఆగస్టు 20న మీకు అందాయి. 15 రోజుల్లో రాతపూర్వకంగా మీరు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఇన్వాయిస్ నంబర్ ఫలానా, 80,000 రూపాయలు, మనం అనుకున్న 30 రోజుల గడువు సెప్టెంబర్ 19తో అయిపోయింది. ఈ మెయిల్ అందిన 10 రోజుల్లో పంపండి, లేకపోతే వడ్డీతో సహా చట్టప్రకారం వసూలు చేసుకుంటాను."

ఆ 15 రోజుల మాట ఊరికే రాయలేదు, ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలో అలాగే ఉంది, సరుకు గానీ సర్వీసు గానీ అందిన 15 రోజుల్లో రాతలో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. వడ్డీ మాట కూడా ఊరికే కాదు, అగ్రిమెంట్లో వడ్డీ గురించి ఏమీ రాసుకోకపోతే మీరు వడ్డీ అడుగుతూ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చిన రోజు నుంచే కోర్టు వడ్డీ లెక్క కట్టే వీలుంది, కాబట్టి ఎంత తొందరగా రాతలో అడిగితే అంత మంచిది.

స్టెప్ 4: ఉద్యమ్ ఉందా లేదా

అన్నిట్లోకీ పెద్ద విషయం ఇదే, ఇక్కడ రొంత నిదానంగా చదవండి.

పైన చెప్పిన ఎంఎస్ఎంఈ చట్టం, అంటే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం, ఫ్యాక్టరీల కోసమే అనుకుంటారు, కాదు, ఇంట్లో లాప్‌టాప్ ముందు కూచుని కంటెంట్ రాసే అమ్మాయి కూడా మైక్రో ఎంటర్‌ప్రైజే, సర్వీసులు కూడా దాంట్లోకే వస్తాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అంటే మనది ఇట్లాంటి చిన్న సంస్థ అని గవర్నమెంటు దగ్గర నమోదు చేసుకోవడం, ఆధార్, పాన్ ఉంటే పది పదిహేను నిమిషాల పని, గవర్నమెంటు సైట్లో పైసా ఫీజు లేదు. గూగుల్లో కొడితే పైన వచ్చే అచ్చం అలాగే ఉండే ప్రైవేట్ సైట్లు ఫీజు అని డబ్బు గుంజుతాయి, అడ్రస్ చివర్లో గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

రిజిస్టర్ అయిన మైక్రో, చిన్న యూనిట్లకి ఆ చట్టం ఏమిస్తుందంటే, అగ్రిమెంట్లో 90 రోజులు అని రాసుకున్నా సరే కొనేవాడు 45 రోజుల్లోపల కట్టాల్సిందే, గడువు ఏదీ రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 5.5 శాతం అనుకుంటే ఏడాదికి 16.5, నా 80 వేలకి ఆరు నెలలకే 6,800 దాటుతుంది. గొడవ తీర్చడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంటుంది, మనకి పనికొచ్చే ముక్క సెక్షన్ 18లో ఉంది: అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ కౌన్సిల్ కే అధికారం, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. బెంగళూరోడైనా ముంబై వాడైనా ఆంధ్రా కౌన్సిల్ ముందుకే రావాలి. అగ్రిమెంట్లో "బెంగళూరు ఆర్బిట్రేషన్" (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని రాసున్నా ఈ చట్టమే పైన నిలుస్తుందని 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది.

మెలిక ఒకటుంది. అదే కేసులో, దానికి ముందు 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో, పని అయిపోయినాక రిజిస్ట్రేషన్ చేసుకుంటే పాత బాకీకి ఈ లాభం రాదు అని కూడా చెప్పారు. 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ విషయాన్ని పెద్ద బెంచికి పంపారు గానీ దాన్ని నమ్ముకుని కూచోవద్దు. ఇది చదువుతున్న మీకు ఇప్పుడు ఎవడూ బాకీ లేకపోయినా సరే ఈరోజే చేసుకోండి. నేనేదో తెలివిగా చేసుకున్నానని కాదు, కొత్త సిస్టం కి ముద్రా లోన్ కోసం బ్యాంకోళ్లు అడిగితే చేసుకున్నా, రెండేళ్ల తర్వాత అది ఇట్లా అక్కరకొచ్చింది.

స్టెప్ 5: కేసు పెట్టే ముందు వాళ్ల అకౌంట్స్ సెక్షన్ ని తట్టండి

మీ మెయిల్ మార్కెటింగ్ వాడి దగ్గరే ఆగిపోతుంది, ఆ పిల్లోడికి మీకు కట్టినా ఒకటే కట్టకపోయినా ఒకటే. వాళ్ల అకౌంట్స్ మెయిల్ ఐడీకి, దొరికితే ఫైనాన్స్ మేనేజర్ కి ఇంకో మెయిల్ పెట్టండి, మీ ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేసి. ఎందుకంటే ఇన్‌కమ్‌ట్యాక్స్ 1961 చట్టంలో 43బి(హెచ్) అని సీఏలందరికీ నోటికొచ్చిన రూల్ ఒకటుంది (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో దీని నంబర్ వేరే), 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి వచ్చింది. మైక్రో, చిన్న యూనిట్లకి ఆ 15 లేదా 45 రోజుల గడువు దాటి బాకీ పెట్టి, మార్చి 31 లోపల కూడా కట్టకపోతే, ఆ బిల్లు ఆ ఏడాది ఖర్చు కింద ఒప్పుకోరు, లాభంలో కలిపి ట్యాక్స్ వేస్తారు. ఆ తర్వాత ఎప్పుడు కడితే ఆ ఏడాదిలోనే ఖర్చు. అంటే మనకి 80 వేలు ఎగ్గొట్టాలనుకున్నోడు దాని మీద ట్యాక్స్ కట్టుకోవాలి.

నేను ఏం చేశానంటే, ఫిబ్రవరిలో వాళ్ల అకౌంట్స్ కి ఒక మెయిల్ పెట్టాను, 26ఏఎస్ పేజీ, ఉద్యమ్ సర్టిఫికెట్, వడ్డీ లెక్క ఎక్సెల్ షీట్, "మార్చి 31 లోపల చెల్లించకపోతే కౌన్సిల్ లో వేస్తాను, 43బి(హెచ్) విషయం మీ ఆడిటర్ గారికి కూడా తెలియజేయగలరు" అని ఒక్క లైను. అప్పటిదాకా నెలకొకసారి జవాబిచ్చే కంపెనీ రెండో రోజే ఫోన్ చేసింది, ఎవరో పెద్దావిడ, తెలుగే మాట్లాడింది, "ఉద్యమ్ ఉందని ముందే చెప్పొచ్చు కదండీ" అనింది. మార్చి 28న 72 వేలు పడ్డాయి. వడ్డీ ఇవ్వలేదు, నేనూ మళ్లీ అడగలేదు, నిజం చెప్పాలంటే ఆ మెసేజ్ చూసినాక అడిగే ఓపిక లేదు. మీరు నా మాదిరి మెత్తగా ఉండొద్దు, కనీసం అడగండి.

జీఎస్టీ ఉన్నవాళ్లకి ఇంకో పట్టు ఉంది. నాకు ఏడాదికి 20 లక్షలు దాటలేదు కాబట్టి లేదు (దాటుంటే ఈ తిప్పలే ఉండవు). మీ బిల్లు మీద క్లయింట్ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని (అంటే మీ బిల్లులోని జీఎస్టీని తను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకుని) 180 రోజుల్లో మీకు డబ్బు కట్టకపోతే ఆ క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. ఆ సంగతి కూడా అదే మెయిల్లో గుర్తు చెయ్యండి.

స్టెప్ 6: లీగల్ నోటీసు, తర్వాత కౌన్సిల్

దానికీ లొంగకపోతే లాయర్ తో నోటీసు. కోర్టు రోడ్డులో ఏ జూనియర్ లాయర్ అయినా రాస్తాడు, ఫీజు ముందే మాట్లాడుకోండి. దాంట్లో మొత్తం, వడ్డీ, గడువు, కట్టకపోతే ఏం చేస్తారో ఉండాలి. కంపెనీ రిజిస్టర్డ్ అడ్రస్ కి స్పీడ్ పోస్ట్, అదే మెయిల్లో కూడా. డెలివరీ అయినట్టు చూపించే ట్రాకింగ్ పేజీ ఆరోజే ప్రింట్ తీసుకోండి, తర్వాత చూద్దాంలే అంటే ఆ వివరాలు ఆన్‌లైన్లో ఎల్లకాలం ఉండవు. వాళ్లు జవాబు ఇస్తే జాగ్రత్తగా చదవండి, "అంత కాదు, 50 వేలే ఇవ్వాలి" అని రాస్తే ఆ 50 వేలు ఒప్పుకున్నట్టే కదా.

కౌన్సిల్ లో అప్లికేషన్ ఆన్‌లైన్లోనే. 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది, 2025 జూన్ లో ఓడీఆర్ అని కొత్త పోర్టల్ కూడా తెచ్చారు. ఉద్యమ్ నంబర్, ఇన్వాయిస్ లు, వర్క్ ఆర్డర్ లేదా ఒప్పుకున్న మెయిల్, క్లయింట్ అడ్రస్ ఎక్కించాలి. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్ లాగా విచారించి అవార్డు (తీర్పు) ఇస్తారు. చట్టంలో 90 రోజులు అని రాసుంది, నమ్మొద్దు, శానా ఎక్కువే పడుతుంది. అయినా నేను ఇదే మంచిదంటా, ఎందుకంటే అవార్డు వచ్చినాక వాడు దాన్ని కోర్టులో కొట్టేయించుకోవాలంటే ముందు ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ చెయ్యాలి. ఊరికే సాగదీద్దాం అనుకునే వాళ్లకి ఆ 75 శాతం గొంతులో ముల్లు. కట్టకుండా కూచుంటే అవార్డుని కోర్టు డిక్రీ లాగే అమలు చేయించుకోవచ్చు, బ్యాంక్ అకౌంట్ అటాచ్ మెంట్ దాకా.

చెక్కు ఇచ్చుంటే కథ వేరు

తిరగాల్సింది వాడే అయ్యే రెండో దారి ఇది. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కేసు మీ బ్యాంక్ బ్రాంచ్ ఏ ఊర్లో ఉందో ఆ ఊరి కోర్టులో వేస్తారు, 2015లో చట్టం మార్చినాక. చెక్కు మీ అకౌంట్లో వేసుంటే, ఆ అకౌంట్ అనంతపురం బ్రాంచ్ ది అయితే, ముద్దాయి అనంతపురం కోర్టుకే రావాలి. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. కేసు నడుస్తుండగానే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కూడా కోర్టుకుంది.

గడువులు మాత్రం కత్తి లాంటివి. చెక్కు మీద తారీఖు నుంచి 3 నెలల్లో బ్యాంకులో వెయ్యాలి. బౌన్స్ అయినట్టు బ్యాంక్ మెమో అందిన 30 రోజుల్లో డబ్బు కట్టమని నోటీసు పంపాలి. అది అందినాక వాడికి 15 రోజులు టైం, ఆ పదిహేనూ దాటినాక ఒక నెల లోపల కోర్టులో కంప్లయింట్. కంపెనీ చెక్కు అయితే కంపెనీతో పాటు సంతకం పెట్టినవాడిని, వ్యవహారం చూసే డైరెక్టర్లని కూడా చేర్చాలి.

ధర్మవరంలో పెళ్లి ఆల్బమ్ లు చేసే మా స్నేహితుడొకడికి ఒక ఈవెంట్ మేనేజర్ 60 వేలకి చెక్కు ఇచ్చి బౌన్స్ చేశాడు, "వచ్చే వారం వెయ్యి అన్నా, ఈసారి పక్కా" అంటే మావాడు మెత్తనోడు, ఆగాడు, చూసుకునేసరికి 40 రోజులు. నోటీసు గడువు పోయిందని తల పట్టుకుని కూచున్నాడు. చెక్కుకి ఇంకా 3 నెలలు నిండలేదు కాబట్టి లాయర్ మళ్లీ బ్యాంకులో వెయ్యమన్నాడు, మళ్లీ బౌన్స్, కొత్త మెమో, కొత్తగా 30 రోజులు. అట్లా చెయ్యొచ్చని సుప్రీం కోర్టే చెప్పింది ఎప్పుడో. నోటీసు అందిన పదోరోజు ఫోన్ పే లో మొత్తం వచ్చింది.

ఉద్యమ్ లేదు, చెక్కూ లేదు అంటే

బాకీ మన జిల్లా వాడిదే అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోండి, అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ఉంది. కేసు వెయ్యకముందే ప్రీ లిటిగేషన్ అని ఒక అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు, వాడికి నోటీసు వెళ్తుంది, ఇద్దర్నీ కూచోబెట్టి మాట్లాడిస్తారు. కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తారు, దానికి కోర్టు డిక్రీకున్నంత బలం, అప్పీల్ కూడా లేదు. వాడు రాకపోతే మాత్రం బలవంతం చెయ్యలేరు, అదే దీని లోపం. ఊర్లో పరువు ఉన్న మనిషైతే కోర్టు కవరు ఇంటికి రాగానే వస్తాడు, నేను ఆ కోచింగ్ సెంటర్ ఆయన మీద ఈ పని టైంకి చేసుంటే నా 22 వేలు వచ్చుండేవనే అనుకుంటా. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని కూడా ఇస్తారు, ఫోన్ నంబర్ 15100.

బయటివాడైతే సివిల్ దావానే. రాతపూర్వక కాంట్రాక్టు, ఖచ్చితమైన మొత్తం ఉంటే మామూలు దావా కాకుండా ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా వెయ్యగలమా అని లాయర్ని అడగండి. దాంట్లో సమన్లు అందిన 10 రోజుల్లో వాడు హాజరు తెలపాలి, ఆ తర్వాత కూడా వాదించుకోవడానికి కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలి, ఊరికే వచ్చి అబద్ధాలు చెప్తా కాలం గడపలేడు. బాకీ 3 లక్షలు, ఆ పైన అయితే కమర్షియల్ కోర్టు కిందకి వస్తుంది, అర్జెంటు స్టే లాంటిదేమీ అడగకపోతే ముందు మీడియేషన్ కి పోవడం తప్పనిసరి. అగ్రిమెంట్ చివర్లో "బెంగళూరు కోర్టులకే అధికారం" అని లైను ఉందేమో చూసుకోండి, ఉంటే బస్సు తప్పదు.

వీటి జోలికి పోవద్దు

పోలీస్ స్టేషన్ కి పోతే "ఇది సివిల్ కేసు" అని పంపించేస్తారు, అది నిజమే కూడా. మొదట్నుంచీ మోసం చెయ్యాలనే పని చేయించుకున్నాడని చూపించగలిగితేనే చీటింగ్, కొత్త క్రిమినల్ చట్టం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318, డబ్బు ఆలస్యం చెయ్యడం ఒక్కటే నేరం కాదు. కన్స్యూమర్ కోర్టు మనది కాదు, మనం అమ్మినోళ్లం. ఇంటర్నెట్లో చదివి "దివాలా పిటిషన్ వేస్తా" అని మెయిల్ పెట్టేవాళ్లున్నారు, దానికి బాకీ కనీసం 1 కోటి ఉండాలి 2020 నుంచి, వాళ్ల సీఏ చదివి నవ్వుకుంటాడు.

ఇంకోటి, కోపంలో క్లయింట్ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ మార్చడం, సర్వర్ లో ఫైళ్లు డిలీట్ కొట్టడం. మీకు రావాల్సిన డబ్బు ధర్మంగా మీదే అయినా ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం కింద కేసు మీ మీదకి తిరుగుతుంది. ఫోటో పెట్టి "దొంగ" అని పోస్టులు వెయ్యడం కూడా అంతే, పరువు నష్టం నోటీసు వస్తుంది. చట్టంగా చెయ్యగలిగింది కాపీరైట్. మీరు ఉద్యోగి కాదు కాబట్టి మీరు రాసిన కంటెంటు, కోడ్ మీద మొదటి హక్కు మామూలుగా మీదే, రాసి సంతకం పెడితే తప్ప క్లయింట్ కి మారదు, డబ్బివ్వకుండా వాడుకుంటే తీసెయ్యమని నోటీసు ఇవ్వొచ్చు. ఫోటోలు, వీడియోలు తీసేవాళ్లు మాత్రం ఆగండి, డబ్బు మాట్లాడుకుని తీయించుకున్న ఫోటోకి, సినిమాకి వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాడే ఓనర్ అని 1957 కాపీరైట్ చట్టంలో ఉంది.

విదేశీ క్లయింట్ అయితే పైన చెప్పిన వాటిల్లో దాదాపు ఏదీ ఆచరణలో పని చెయ్యదు. వాళ్ల దేశం కోర్టులో చిన్న కేసు వెయ్యడం ఖర్చుకే సరిపోతుంది. మైల్‌స్టోన్ డబ్బు (ఆ దశ పనికి ఇవ్వాల్సింది) ముందే ఎస్క్రో లో, అంటే మధ్యలో మూడోవాళ్లు పట్టి ఉంచే అకౌంట్లో, పడినాకే పని మొదలుపెట్టండి, ఇంగ అంతకంటే చెప్పేదేం లేదు.

తర్వాతి కొటేషన్ లో

నేను ఇప్పుడు కొటేషన్ కింద నాలుగు లైన్లు పెడతాండా, కాపీ కొట్టుకోండి. సగం అడ్వాన్స్. మిగతా సగం ఇన్వాయిస్ నుంచి 15 రోజుల్లో. పూర్తి డబ్బు అందినాకే హక్కులు, సోర్స్ ఫైళ్లు మీవి, అప్పటిదాకా వాటర్‌మార్క్ ఉన్న కాపీనే. గొడవ వస్తే అనంతపురం కోర్టులు. కొత్త క్లయింట్ అయితే బ్యాలెన్స్ కి తారీఖు వేసిన చెక్కు కూడా అడుగుతా, సగం మంది ఇవ్వరు, అట్లాంటోళ్ల దగ్గర అడ్వాన్స్ 70 శాతం అంటా. ఇన్వాయిస్ లో నా పేరు కింద ఉద్యమ్ నంబర్ బోల్డ్ లో పెడతాండా. మొన్న ఒక హైదరాబాద్ కంపెనీ వాళ్లు ఇన్వాయిస్ చూసి "సార్ మీరు ఎంఎస్ఎంఈ నా, మైక్రోనా స్మాలా?" అని వాళ్లే ఫోన్ చేసి అడిగి రాసుకున్నారు, పన్నెండో రోజుకి డబ్బు పడింది.